కూల్చివేతకు ముందు సర్వే ఎందుకు?

ప్రశ్న: మా పాత భవనంలో సగం కూల్చి, మిగతా సగానికి మరమ్మతులు చేయించాలనుకుంటున్నాం. పైన సిమెంటు రేకులు, లోపల పాత పెయింటు, ట్యూబ్‌లైట్లు ఉన్నాయి. ప్రమాదకరమైనవేవైనా ఉంటే పని మధ్యలో కనిపించినప్పుడు తీసేయవచ్చునని కాంట్రాక్టరు అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: చేయకండి. సిమెంటు రేకుల్లో కలిపే, పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు ఖనిజమైన ఆస్బెస్టాస్ చూడగానే గుర్తుపట్టగలిగేది కాదు. రేకుల్లోనే కాక, పైపులకు చుట్టిన పొరల్లోనూ, పాత వినైల్ నేలపలకల్లోనూ, వాటి కింది జిగురులోనూ అది ఉండవచ్చు. నమూనాను ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే తప్ప ఉన్నదీ లేనిదీ తేలదు. అందుచేత ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ప్రమాదకర పదార్థాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తేల్చే సర్వేను భవనమంతటికీ చేయించండి. తొలగింపు పని దక్కించుకోబోయేవారికే సర్వే కూడా అప్పగించడం నాకు నచ్చని పద్ధతి. ఏ గదిలో ఏ పదార్థం ఎన్ని చదరపు మీటర్లు, ఏ స్థితిలో ఉందో నివేదికలో ఉండాలి. ఆ కొలతలు లేని ఖర్చు అంచనా మధ్యలో పెరగక మానదు.

నిలుపుకొనే సగంలో చెక్కుచెదరకుండా, ఎవరూ తాకని చోట ఉన్న ఆస్బెస్టాస్‌ను గుర్తుపెట్టి అలాగే వదిలేయడం చాలాసార్లు మేలు. కూల్చే సగంలో మాత్రం గోడ మీద దెబ్బ పడకముందే అది బయటికి రావాలి, ఎందుకంటే యంత్రం కింద రేకు ఒక్కసారి నలిగిందంటే దాని పోగులు శిథిలాలన్నిటిలో కలిసి, మామూలు ఇటుక ముక్కలను కూడా ప్రమాదకర వ్యర్థంగానే పారవేయవలసి వస్తుంది.

రేకును దించే ముందు కాస్త సబ్బు కలిపిన నీటిని సన్నగా చల్లి తడపాలి. తుప్పు పట్టిన బోల్టు తిరగకపోతే బోల్టునే కోయాలి గాని, రేకును పగలగొట్టి లాగకూడదు. దించిన రేకును పైనుంచి విసరకుండా కిందికి అందించి, మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలుగా చుట్టి, లోపల ఏముందో పైన రాయాలి. చీపురు వాడరాదు. ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపే హెపా తరహా వడపోత గల, ముఖానికి సరిగ్గా అతుక్కునే మాస్కు కావాలి. ఈ పోగుల వల్ల వచ్చే జబ్బులు చాలావరకు ఇరవై, నలభై ఏళ్ల తరువాత బయటపడతాయి కనుకనే పనివారు వీటిని తేలిగ్గా తీసుకుంటారు.

పాత పెయింటులో సీసం ఉండవచ్చు. దానిని పొడిగా గీకించవద్దు, మంటతో కాల్పించవద్దు. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కనుక పగలకుండా తీయించండి. పాత చోక్‌లలోని కెపాసిటర్లలో పీసీబీలనే విష రసాయనాలు ఉండే అవకాశమున్నందున వాటిని ఇనుప సామానుతో కలపనివ్వకండి.

చివరగా ఒప్పందంలో రెండు షరతులు రాయించండి: సర్వేలో లేని అనుమానాస్పద పదార్థం బయటపడితే అక్కడ పని వెంటనే ఆగాలి, తొలగింపు ముగిశాక స్వతంత్ర సంస్థ అక్కడి గాలిని పరీక్షించి నివేదిక ఇచ్చేవరకు కూల్చివేత బృందం లోపల అడుగుపెట్టకూడదు.