డిగ్రీ చదువు గిట్టుబాటు గురించి తమ్ముడి కూతురికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చేరింది. బైపీసీ మంచి మార్కులతో పూర్తి చేసినందుకు నేనూ మీ పెద్దమ్మా ఎంతో సంతోషించాము. డిగ్రీ చదివితే దానికి తగిన జీతం వస్తుందా, వచ్చినా మనసుకు తృప్తి ఉంటుందా, లేక తోటి పిల్లలు చేరినట్టు శ్రీసిటీలోని ఫోన్ల ఫ్యాక్టరీలో ఇప్పుడే చేరిపోవడం మంచిదా అని అడిగావు. మీ నాన్న హైదరాబాదు శివార్లలోని ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో బీఫార్మసీ సీటు మాట్లాడి వచ్చాడనీ, అందుకోసం కాలువ కింది ఎకరం మాగాణి తనఖా పెట్టడానికి సిద్ధపడుతున్నాడనీ రాశావు. నా ఉద్యోగకాలమంతా కావలి, ఒంగోలు ప్రాంతాల బ్యాంకు శాఖల్లో విద్యారుణాల దరఖాస్తులు పరిశీలించాను. అప్పు తీసుకున్న పిల్లలు ఆ తరువాత ఏమయ్యారో కూడా చూశాను. కాబట్టి నీ ఇష్టం అని తప్పుకోకుండా నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను.

అన్ని డిగ్రీలకూ కలిపి ఒకే జవాబు ఉండదమ్మా. ఏ డిగ్రీ, ఎంత ఖర్చుతో, ఆ పట్టా లేనివారికి దొరకని పని ఏది అన్న మూడు సంగతులూ కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది. కొన్ని ఉద్యోగాలకు అర్హతను చట్టమే నిర్ణయించింది. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో మేనేజరుగా సంతకం చేయాలంటే గనుల భద్రతా శాఖ పరీక్ష నెగ్గి యోగ్యతాపత్రం పొందాలి. ఎన్నేళ్ళు రాయి కోయించిన అనుభవమున్నా ఆ పత్రం లేనివారికి ఆ కుర్చీ రాదు. గ్రూప్-2కు, బ్యాంకు క్లర్కు పరీక్షకు, ఎస్సై ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా చాలు గానీ డిగ్రీ ఉండి తీరాలి. ఇలాంటి చోట్ల ఆ కాగితం లేకపోతే ఆ జీతానికి దారే లేదు. మందుల షాపు విషయానికి వస్తే, 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు రాసిన మందులు కలిపి ఇవ్వడానికి పేరు నమోదైన ఫార్మసిస్టు ఉండాలన్నది నిజమే. కానీ ఆ నమోదుకు రెండేళ్ళ డిప్లొమా, అంటే డీఫార్మసీ కూడా సరిపోతుంది. మీ నాన్నకు సీటు మాట్లాడినవాళ్ళు ఈ సంగతి చెప్పి ఉండరని నా అనుమానం.

మిగిలిన ప్రైవేటు ఉద్యోగాల్లో పట్టా నిన్ను ఇంటర్వ్యూ గది దాకా తీసుకువెళుతుంది, అంతే. అక్కడినుంచి నీకు ఏ పని వచ్చన్నదే ప్రశ్న. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదికలో, 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతమనీ, చదవడం రాయడం రాని యువతలో అది 3.4 శాతమేననీ ఉంది. ఈ అంకెలు చూసి చదువే దండగ అని కొందరు తేలుస్తారు. అది సరైన తీర్పు కాదు. చదువురాని ఇంటి పిల్లవాడు ఏ కూలి దొరికినా మరునాడే వెళ్ళక తప్పదు గనుక అతడు నిరుద్యోగుల లెక్కలోకి రాడు, అతడి సంపాదన కూడా ఏళ్ళు గడిచినా పెద్దగా పెరగదు. డిగ్రీ ఉన్నవాడు తన చదువుకు తగిన పని కోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూడగలడు. ఆ ఎదురుచూపుకు అయ్యే ఖర్చును తల్లిదండ్రులు భరిస్తారు. డిగ్రీ లెక్క వేసేవారెవరూ ఫీజుల పక్కన ఈ ఖర్చు రాయరు. నువ్వు మాత్రం తప్పక రాయి.

ఇప్పుడు మీ నాన్న ఆలోచనను కాగితం మీద పెట్టి చూద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళకు నాలుగు లక్షలు అప్పు అనుకో. వడ్డీ ఏడాదికి నూటికి పది, అంటే మన ఊళ్ళో నూటికి రూపాయి అనేదానికన్నా కొంచెం తక్కువ. చదివే కాలంలోనూ, ఆపైన ఒక ఏడాదిపాటూ వాయిదాలు కట్టనక్కరలేదని చెబుతారు గానీ వడ్డీ మాత్రం ఆగదు. మొదటి లక్షకు ఐదేళ్ళ వడ్డీ యాభై వేలు, రెండో లక్షకు నలభై, మూడోదానికి ముప్పై, నాలుగోదానికి ఇరవై. మొత్తం లక్షా నలభై వేలు. మొదటి వాయిదా కట్టే రోజుకు నీ అప్పు 5 లక్షల 40 వేలవుతుంది. ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 9 వేలు కట్టాలి. నగరంలో పదిహేను, పద్దెనిమిది వేల జీతంతో మొదలైన పిల్ల హాస్టలుకూ భోజనానికీ కట్టాక 9 వేలు ఎక్కడినుంచి తెస్తుంది? నేను చూసిన మొండి బాకీల్లో చాలావాటి వెనక మోసగాళ్ళు లేరు. ఈ కూడిక ముందుగా వేసుకోని నిజాయతీపరులైన తండ్రులే ఉన్నారు. పైగా మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అదే కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగులో సీటు వచ్చిన పిల్లలకు బ్యాంకులు నాలుగు లక్షల వరకు భూమి తనఖా లేకుండానే, తల్లిదండ్రుల సంతకంతో రుణమిస్తాయి. కాబట్టి పట్టాదారు పాసుపుస్తకం అడిగే సీటు దగ్గర ఆగి ఆలోచించాలి.

ఫ్యాక్టరీ ఉద్యోగాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఇంటికి డబ్బు వెంటనే అవసరమైన పిల్లలకు అది గౌరవంగా బతికే దారి, వాళ్ళ జీతాలతో చెల్లెళ్ళ చదువులు సాగుతున్న ఇళ్ళు నాకు తెలుసు. అయితే ఇంటర్మీడియట్ అర్హతతో లైన్లో నిలబడినవారికి పైమెట్టు ఎక్కే అవకాశం తక్కువ. మీ ఇంటికి ఇప్పుడు నీ సంపాదన అవసరం లేదు. ఆ వెసులుబాటు ఉండగా దాన్ని వదులుకోవద్దని నా మాట.

మరి ఏం చేయాలి? నీ ఉత్తరంలో ఎక్కడా కనిపించని ఒక చదువు మన జిల్లాలోనే, ముత్తుకూరులో ఉంది. అక్కడి మత్స్య కళాశాలలో చేపలు, రొయ్యల పెంపకం నేర్పే నాలుగేళ్ళ డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ చెబుతారు. బైపీసీ పిల్లలు ఈఏపీసెట్ ర్యాంకుతో చేరవచ్చు, రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా కూడా ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరమంతా రొయ్యల గుంటలూ, రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలూ ఉండగా, పుట్టి పెరిగిన చోటనే అక్కరకు వచ్చే చదువు వదిలి దూరంగా అప్పుతో చదవడం నాకు సబబుగా తోచదు. ర్యాంకు అందకపోతే నెల్లూరు డీకే ప్రభుత్వ మహిళా కళాశాలలోనో, కావలి జవహర్ భారతిలోనో బీఎస్సీలో చేరు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చాలామంది దాన్ని ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్‌తో సరిపెట్టేస్తున్నారు. నువ్వు ఆ నెలలను ఏదైనా ఆక్వా ల్యాబులో నిజంగా పనిచేసి గడుపు.

అటువంటి ల్యాబు ఒకదానికి ఆమధ్య ఒక మిత్రుడితో కలిసి వెళ్ళాను. వెనామీ రకం రొయ్యపిల్లలను, అంటే సీడ్‌ను గుంటలో వదలబోయే ముందు రైతులు నమూనాను చిన్న కవరులో తెచ్చి ఇస్తారు. బీఎస్సీ చదివిన ఒక అమ్మాయి ఆ కంటికి ఆనని రొయ్యపిల్లలను నలిపి, ద్రావణాలు కలిపి, గొట్టాలకు గుర్తులు వేసి, వైరస్ జాడ పట్టే పీసీఆర్ యంత్రంలో పెట్టింది. ఫలితం కొన్ని గంటలకు గానీ రాదు. అంతసేపూ రైతు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తెల్లమచ్చ వైరస్ ఉందని తేలడంతో ఆమె బయటికి వచ్చి, ఈ సీడ్ వదలవద్దని గట్టిగా చెప్పి, అతడు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా బదులిచ్చింది. 1990ల నడుమ ఈ తీరంలో ఆ తెగులు ఎన్ని కుటుంబాలను అప్పుల పాలు చేసిందో బ్యాంకు పుస్తకాల్లో చూసినవాణ్ణి గనుక, ఆమె మాట విలువ నాకు తెలుసు. ఆమె జీతం గొప్పదేమీ కాకపోవచ్చు. కానీ నువ్వు అడిగిన తృప్తి అలాంటి పనిలో ఉంటుంది: తెలిసిన విషయంతో ఎదుటివారి నష్టాన్ని ఆపడం, నీ మాట మీద ఒకరు నిర్ణయం తీసుకోవడం. అది జీతంతో పాటు దానంతట అదే రాదు, పట్టాతోనూ రాదు.

పట్టా లేకుండా కూడా అది వస్తుందని మన జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఋజువు చేశారు. అక్షరాస్యతా కేంద్రాల్లో నాలుగు పాఠాలు చదువుకుని, సారా వల్ల తమ ఇళ్ళు ఎలా గుల్లవుతున్నాయో చర్చించుకుని, 1992లో వాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు నుంచి సారా నిషేధానికి దారితీసింది. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మగారు ఏ కాలేజీకీ వెళ్ళలేదు. చదివినది బతుకులోకి తెచ్చుకోవడమే చదువు ఇచ్చే నిండుదనం అని నేను నమ్ముతాను. అందుకే గైడ్లు బట్టీపట్టి మూడేళ్ళు గడిపితే జీతమూ రాదు, ఆ తృప్తీ రాదు. లైబ్రరీకి వెళ్ళు, ల్యాబులో రికార్డు ఎవరిదో చూసి రాయకుండా ప్రయోగం నువ్వే చెయ్యి, అర్థం కానిది లెక్చరర్ల వెంటపడి అడుగు.

డిగ్రీ అయ్యాక గ్రూప్స్ రాయాలని అనిపిస్తే రాయి. అయితే నోటిఫికేషన్ల కోసం ఏళ్ళ తరబడి అద్దె గదుల్లో ఉండిపోకుండా, ఉద్యోగం చేసుకుంటూ రాయి. ఎన్ని ప్రయత్నాలన్నది ముందే నిర్ణయించుకుని ఇంట్లో చెప్పు.

కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టేముందు నీ ర్యాంకు కార్డు, కాలేజీవారు ఇచ్చిన ఫీజుల కాగితం రెండూ నాకు పంపు. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజులు అందులో కలిపారో లేదో నేను చూస్తాను. పాసుపుస్తకం బ్యాంకుకు తీసుకువెళ్ళే పని మీ నాన్నను ఈ వారం ఆపమని చెప్పు. ఆదివారం నేనే వచ్చి తమ్ముడితో కూర్చుని మాట్లాడతాను. ఆ మాటలప్పుడు నువ్వు వంటింట్లో ఉండకూడదు, మా పక్కనే కూర్చుని నీ లెక్క నువ్వే చెప్పాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న