సింగపూర్ చెమ్మలో గేములకు బూజు పట్టకుండా

ప్రశ్న: అన్నా, హైదరాబాద్ నుంచి సింగపూర్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. హెచ్‌డీబీ ఫ్లాట్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ సంస్థ కట్టిన ఇంట్లో, ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. చిన్నప్పటి నుంచి కూడబెట్టుకున్న ప్లేస్టేషన్ (పీఎస్2, పీఎస్3) గేమ్ డిస్కులు, గేమ్ బాయ్ కార్ట్రిడ్జులు వెంట తెచ్చుకున్నాను. ఇప్పుడు అట్టపెట్టెల మీద తెల్లటి మచ్చలు వస్తున్నాయి, వార్డ్‌రోబ్ తెరిస్తే ముక్కిన వాసన. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు టెన్షన్ పడకు. తెల్లగా పొడిపొడిగా ఉన్న బూజు చాలావరకు పైపైనే ఉంటుంది, అట్టలోపలికి దిగి గోధుమరంగు మచ్చ పడితేనే ఇక పోదు. కానీ వాయిదా వేయకుండా ఈ శని, ఆదివారాల్లోనే పని మొదలుపెట్టు.

హైదరాబాద్‌లో వేసవి మధ్యాహ్నాలు గాల్లో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. బీరువాలో పడేసి ఏళ్ల తరబడి మరచిపోయినా అట్టపెట్టెకు ఏమీ కాదు. సింగపూర్‌లో ఏడాది సగటే 80 శాతం పైన. తెల్లవారుజామున 90 దాటుతుంది, బాగా ఎండ కాసిన మధ్యాహ్నం 60 దగ్గరికి దిగుతుంది. తేమ 65, 70 శాతం పైన నిలకడగా ఉంటే చాలు, బూజు మొలుస్తుంది. నవంబర్ నుంచి జనవరి దాకా వానలు ఎక్కువే గానీ, మిగతా నెలల్లో ఊపిరి పీల్చుకోవచ్చని అనుకోకు. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ జిగటగాలి కొంత పరిచయమే, నీకు మాత్రం పూర్తిగా కొత్త.

ఇక్కడ అద్దెగదుల్లో చాలాచోట్ల ఏసీ రాత్రిపూట మాత్రమే వేసుకోమంటారు. పగలు వేస్తే కరెంటు బిల్లు దగ్గర గొడవ. కాబట్టి గదంతా పొడిగా ఉంచాలన్న ఆలోచన వదిలెయ్. గేముల చుట్టూ ఉన్న కాస్త గాలిని పొడిగా ఉంచగలిగితే సరిపోతుంది. దానికి కావాల్సింది మూతకు రబ్బరు అంచు ఉండి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, తేమను పీల్చే సిలికా జెల్ గింజలు, ఒక చిన్న తేమ మీటర్. రెండేళ్లకోసారి ఇల్లు మారే మనలాంటి వాళ్లకు ఇదే హాయి, డబ్బా ఎత్తుకుని వెళ్లిపోవచ్చు.

డబ్బాలో పెట్టేముందు శుభ్రం చేయాలి. తడి చెంచా తగిలిన ఆవకాయలాగే, ఒక్క పెట్టెకు ఉన్న బూజు మిగతావాటికి పాకుతుంది. మచ్చలున్నవాటిని విడదీసి జిప్ కవర్లలో పెట్టు. ఎన్95 మాస్కు వేసుకో, నీకు ఉబ్బసం గానీ అలర్జీ గానీ ఉంటే ఈ పని వేరేవాళ్లతో చేయించు. గదిలో, ఫ్యాను కింద అసలు చేయకు, ఆ పొడి మంచం మీదా బట్టల మీదా పడుతుంది. ప్లాస్టిక్ కేసుల్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవచ్చు. ముద్రించిన కవర్ కాగితాన్ని ముందే బయటికి తీసెయ్. అట్టపెట్టెలు, మాన్యువల్స్ మాత్రం తడి గుడ్డతో ముట్టుకోవద్దు. బూజు తడిగా ఉండగా తుడిస్తే అట్టలోకి ఇంకిపోతుంది. రాత్రంతా ఏసీ గదిలో జిప్ కవర్ తెరిచి ఉంచి, బాగా ఆరాక, బయట మెత్తటి బ్రష్‌తో ఒకే దిక్కుగా దులుపు. చాలామంది ఎండలో ఆరబెడతారు, మన ఇళ్లలో అదే అలవాటు. గేముల కవర్లు ఆ ఎండకు వెలిసిపోతాయి, పాత కన్సోళ్ల (గేములాడే యంత్రాల) తెల్ల ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది. నీడలో గాలి తగిలితే చాలు.

నిజానికి నేను ఎక్కువ భయపడేది కాగితం గురించే. బూజుకు తిండి కాగితం, జిగురు, దుమ్ము, మన వేళ్ల జిడ్డు. డిస్కు పాలికార్బొనేట్ ప్లాస్టిక్, దాన్ని బూజు మామూలుగా తినదు, పైన పేరుకున్న జిడ్డు మీద బతుకుతుంది. అరుదైన కేసు ఒకటుంది. బెలీజ్ దేశపు ఉక్కలో పాడైపోయిన ఒక సీడీని స్పెయిన్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, శిలీంధ్రం అంచులోంచి దూరి లోపలి అల్యూమినియం పొరను తినేసినట్టు తేలింది, ఆ సంగతి 2001లో బయటికొచ్చింది. మన డిస్కులకు అంతదాకా రాకపోవచ్చు. కానీ అంచులోంచి చెమ్మ దూరి అల్యూమినియం ఆక్సీకరణ చెందడం మాత్రం జరుగుతుంది. డిస్కును దీపానికి ఎదురుగా పట్టుకుని చూడు, సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపిస్తే ఆ పొర పోతున్నట్టే, దానికి మందు లేదు. తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచువైపు సూటిగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. బొమ్మ ఉన్న వైపు ఆల్కహాల్ వాడకు. ముఖ్యంగా పీఎస్1 కాలపు సీడీల్లో డేటా పొర ఆ బొమ్మ కిందనే, వార్నిష్ లాంటి పల్చటి పూత వెనుక ఉంటుంది.

గేమ్ బాయ్ కార్ట్రిడ్జుల్లోకి నోటితో ఊదే అలవాటు చిన్నప్పుడు అందరికీ ఉండేది. ఇక్కడ అది మానెయ్, ఆ ఊపిరి తేమ లోపలి లోహపు కాంటాక్టుల్ని పాడుచేస్తుంది. 90 శాతం పైన ఉన్న ఆల్కహాల్‌ను దూదిపుల్లకు అద్ది తుడిచి ఆరనిస్తే సరి.

ఇప్పుడు డబ్బా. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. డిస్కులకు 20 నుంచి 50 మధ్య ఉండాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. 30 కంటే కిందికి దింపితే పాత మాన్యువల్స్ పెళుసెక్కుతాయి, జిగురు విడిపోతుంది. డబ్బాను మూసే సమయం కూడా ముఖ్యమే. రాత్రి ఏసీ వేసి గేముల్ని, డబ్బాను మూతతీసి గదిలోనే ఉంచు. పొద్దున కిటికీ తెరవకముందే మూత బిగించు. వానపడే సాయంత్రం మూస్తే ఆ చెమ్మనంతా లోపల బంధించినట్టే. షాపు నుంచి వచ్చిన సీలు విప్పని గేములకు కూడా ఇదే వర్తిస్తుంది, ఆ పల్చటి కవర్‌ను నమ్ముకోవద్దు.

20 లీటర్ల డబ్బాకు 200 గ్రాముల సిలికా జెల్ వేసుకో. తేమతో నిండాక రంగు మారే రకం కొను, కాషాయం నుంచి ఆకుపచ్చకు మారేది మేలు. నీలం నుంచి గులాబీకి మారేదాంట్లో హానికరమైన కోబాల్ట్ ఉంటుంది, దాన్ని వంట ఓవెన్‌లో పెట్టకూడదు. కాగితం తాగిన నీరంతా బయటికి వస్తుంది కాబట్టి మొదట్లో సిలికా త్వరగా నిండిపోతుంది, కంగారుపడకు. సుమారు 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. వంటగది వాడుకోనివ్వని ఇల్లయితే, ప్లగ్‌లో పెట్టి ఆరబెట్టుకునే చిన్న యూనిట్లు దొరుకుతాయి, అవి తీసుకో.

మీటర్ చవకదే కొను, కానీ ఒకసారి పరీక్షించు. సీసా మూతలో ఉప్పు పోసి, కరగకుండా ముద్దలా ఉండేంత నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో మూసి రాత్రంతా ఉంచితే 75 శాతం చూపించాలి. 80 చూపిస్తే అది ఎప్పుడూ 5 ఎక్కువ చెబుతుందని గుర్తుపెట్టుకో.

సూపర్‌మార్కెట్లో థర్స్టీ హిప్పో లాంటి డబ్బాలు చూసే ఉంటావు. వాటిలో ఉండేది కాల్షియం క్లోరైడ్. బట్టల వార్డ్‌రోబ్‌కు బాగానే పనిచేస్తాయి. గేముల డబ్బాలో మాత్రం పెట్టకు, అందులో చేరే ఉప్పునీరు ఒలికితే లోహం తుప్పు పడుతుంది. మన ఇళ్ల నుంచి తెచ్చుకునే కలరా ఉండలు కూడా వద్దు. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, వాసన మాన్యువల్స్‌ను వదలదు. బియ్యం మూట పెట్టమని ఎవరైనా చెబితే వినకు, పురుగులకూ బూజుకూ అదే భోజనం.

డబ్బా ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. 28 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు పేరుకుంటుంది. పక్కగదిలో ఎవరో రాత్రంతా 22లో ఏసీ వేస్తే, నీ వైపు గోడ చల్లబడి వార్డ్‌రోబ్ వెనుక చెమ్మ చేరుతుంది. అందుకే ఫర్నిచర్‌ను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదులు. 1990ల చివరి నుంచి కట్టిన ఫ్లాట్లలో ఇనుప తలుపుతో, ఆపద సమయంలో తలదాచుకునేందుకు ఒక షెల్టర్ గది ఉంటుంది, అందరూ స్టోర్‌రూమ్‌లా వాడతారు. ఓనర్ అక్కడ చోటిస్తానన్నా వద్దను, గాలి ఆడదు.

కన్సోళ్లను డబ్బాలో దాచక్కర్లేదు, అప్పుడప్పుడు ఆడుతుంటే ఆ వేడికే లోపల పొడిగా ఉంటాయి. పాలిథిన్ కవర్ మాత్రం కప్పకు. గేమ్ బాయ్, కంట్రోలర్ల లాంటివాటిలో పెన్సిల్ సెల్స్ ఉంటే తీసెయ్, కారితే స్ప్రింగులు పోతాయి.

కలెక్షన్ పెరిగి, ఒకేచోట స్థిరపడ్డాక డ్రై కేబినెట్, అంటే తేమను తనే అదుపులో ఉంచే కరెంటు అల్మరా, కొనుక్కో. కెమెరాల షాపుల్లో అమ్ముతారు, కెమెరాలవాళ్లు అమ్మేసినవి పాత వస్తువులు అమ్ముకునే కరౌసెల్ యాప్‌లో సెకండ్‌హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. 45 శాతంలో పెట్టి వదిలేస్తే అదే చూసుకుంటుంది. అదే కరౌసెల్‌లో పాత గేములు కొంటే వాటిని నేరుగా నీవాటిలో కలపకు. వేరే చిన్న డబ్బాలో సిలికాతో రెండు వారాలు ఉంచి, వాసన చూసి, ఆ తర్వాతే చేర్చు.

సెలవులకు ఇండియా వెళ్లేటప్పుడు గదిలో ఏసీ నెలరోజులు ఆగిపోతుంది, బూజు పాకేది అప్పుడే. బయలుదేరే ముందురోజు సిలికా ఆరబెట్టి పెట్టు. ఉతికిన బట్టలు గదిలో ఆరేసి వెళ్లకు. వార్డ్‌రోబ్ తలుపు తెరిచి ఉంచు, డబ్బాల మూతలు మాత్రం నొక్కి బిగించు. ఫ్లాట్‌లో నమ్మకస్తులెవరైనా ఉంటే వారానికోసారి నీ గదిలో ఫ్యాను వేయమని అడుగు.