సగం మంది ఇంటి నుంచే పనిచేస్తే ఆఫీసును ఎలా అమర్చుకోవాలి?

హనుమకొండలో ఇరవై మంది ఉన్న సంస్థకు, రోజూ సగం మందే వచ్చే పరిస్థితిలో, అవసరాన్ని బట్టి మార్చుకోగలిగే ఆఫీసు ఎలా ఉండాలని అడిగారు. బల్లలను సగటు హాజరును బట్టి కాక, అన్ని రోజులకన్నా ఎక్కువ మంది వచ్చే రోజును బట్టి లెక్కించండి; సోమవారం పద్నాలుగు మంది వస్తే పది బల్లలు చాలవు.

బల్లలకు చక్రాలు బిగించడం తేలికే, కానీ కరెంటు వాటి వెంట రాకపోతే ఆ ఖర్చు వృథా. నేల మీద టేపుతో అతికించిన ఎక్స్‌టెన్షన్ వైరు కాళ్లకు తగులుతూ, ఎవరూ బల్ల జరపడానికి సాహసించని ఆఫీసులను నేను వరంగల్‌లో చూశాను. కాబట్టి వైరింగ్ దశలోనే పైకప్పు నుంచో, నేలలోంచో ప్లగ్గులు అందేలా పెట్టించండి.

ఇటుక గోడలు మరుగుదొడ్లకే పరిమితం చేసి, మిగతాచోట్ల విప్పి బిగించుకునే పార్టిషన్లు వాడండి. మే నెల ఎండకు కాగిపోయే పడమటి గోడ పక్కన మనుషులను కాక అల్మారాలను ఉంచండి.

అమెరికాలో రాబర్ట్ ప్రాప్స్ట్ అనే డిజైనర్ రూపొందించగా 1968లో మార్కెట్లోకి వచ్చిన కదిలే ప్యానెళ్ల ఉద్దేశం ఉద్యోగికి వెసులుబాటు ఇవ్వడమే అయినా, కంపెనీలు స్థలం ఆదా కోసం వాటినే ఒక్కొక్కరు కూర్చునే ఇరుకు అరల్లాంటి క్యూబికల్స్‌గా మార్చాయి. మీరు అలా చేయకుండా, మిగుల్చుకున్న చోటులో వీడియో కాల్స్‌కు రెండు చిన్న గదులు, సొంత బల్ల లేని ప్రతి ఒక్కరికీ తాళం ఉన్న ఒక లాకరు తప్పక ఇవ్వండి.