పాత సిస్టం మీద ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు?

ప్రశ్న: మాది తెనాలిలో డీటీపీ, జిరాక్స్ షాపు. 2014లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఒక్కటే ఉంది. ఐ3-4150 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. పొద్దున్నే ఆన్ చేసి టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, మధ్యలో ఆన్‌లైన్ దరఖాస్తులు, ఆధార్ ప్రింట్లు చేస్తుంటాను. ప్రింటర్ క్యానన్ ఎల్‌బీపీ 2900. రిపేరు చేసే అబ్బాయి బోర్డు మార్చాలి, 15 వేలవుతుంది అంటున్నాడు. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మావాడేమో గ్రాఫిక్స్ కార్డుతో కొత్తదే కొనమని ఒకటే గొడవ. ఏం చేయమంటారు సార్?

జవాబు: ముందు ఆ 15 వేలు ఇవ్వకండి. బోర్డు దాకా వెళ్లారంటే అది అప్‌గ్రేడ్ కాదు, కొత్త కంప్యూటర్ కొన్నట్టే. మీ ప్రాసెసర్ ఇప్పటి బోర్డుల్లో కూర్చోదు, సాకెట్ వేరు. మీ డీడీఆర్3 ర్యామ్ కూడా వాటిలో దిగదు, గాడి ఉన్న చోటే వేరు. అంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ పోయి చివరికి మీకు మిగిలేది డబ్బా, మానిటర్. మరి 15 వేలకు ఆ మూడూ ఎలా ఇస్తున్నాడో కాగితం మీద రాసిమ్మనండి. అందులో హెచ్61 అని కనబడితే అది 2011 నాటి చిప్‌సెట్ (బోర్డును నడిపించే ముఖ్యమైన చిప్), మీ దగ్గరున్నదానికన్నా పాతది. బోర్డు కొత్త అట్టపెట్టెలో వచ్చినా అదే మాట.

ఇక అసలు జబ్బు ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు. సిస్టం నత్తనడక నడుస్తున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ 15, 20 శాతం దగ్గర తాపీగా ఉండి డిస్క్ మాత్రం 100 దగ్గర ఎర్రగా అతుక్కుపోయి ఉంటే, మెమరీ కూడా 85 దాటి ఉంటే, ప్రాసెసర్‌ను అనవసరంగా తిడుతున్నారన్నమాట. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు దాదాపు ఖాయంగా ఇదే అనిపిస్తోంది. ఇన్నేళ్లు తిరిగిన హార్డ్‌డిస్క్ మీద విండోస్ 10 నడవడమే ఎక్కువ.

కాబట్టి ఒక ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతోనే నడిచే వేగమైన డిస్క్ వేయించండి. షాపులో ఎస్‌ఎస్‌డీ అని మాత్రమే అడిగితే చూయింగ్ గమ్ బిళ్ల లాంటి ఎం.2 రకం చేతిలో పెడతారు, మీ బోర్డులో దానికి స్లాట్ ఉండదు. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అని అడగండి. మీ పనికి 256 జీబీ చాలు. బోర్డు మీద డిస్క్ కేబుల్ పెట్టే సాటా పోర్టుల పక్కన చిన్న అక్షరాలు అచ్చువేసి ఉంటాయి, హెచ్81లో వేగంగా నడిచే పోర్టులు రెండే, 6జీ అని రాసి ఉన్నదాంట్లోనే కేబుల్ పెట్టించండి. పాత డిస్క్‌లో ఉన్నదంతా ఇందులో పట్టేటట్టయితే, దాన్ని దీని మీదికి క్లోన్ చేయిస్తే, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేయిస్తే ఫాంట్లు, ఫైళ్లు అన్నీ ఎక్కడివక్కడే వస్తాయి. పాత డిస్క్‌ను అదనంగా ఒక కాపీ దాచుకోవడానికి ఉంచుకోండి కానీ దాన్నే నమ్ముకోకండి.

ర్యామ్ ఇంకో 4 జీబీ చాలు, సెకండ్‌హ్యాండ్‌దైనా పరవాలేదు. ఒక్క జాగ్రత్త: డీడీఆర్3లో 8 జీబీ స్టిక్ చవగ్గా దొరికిందంటే దాని మీద ఏఎండీకి మాత్రమే అని రాసి ఉందేమో చూడండి, అది మీ ఇంటెల్ బోర్డులో పనిచేయదు. షాపువాడి ముందే పెట్టి చూసి డబ్బులివ్వడం మేలు. డబ్బా విప్పారు కాబట్టి దుమ్ము ఊదించి, ప్రాసెసర్‌కు వేడిని బయటికి లాగే కొత్త థర్మల్ పేస్ట్ పెట్టించి, నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ కూడా మార్పించేయండి. అది అయిపోతే తేదీ వెనక్కి పోయి, దరఖాస్తుల సైట్లు వాటి సెక్యూరిటీ సర్టిఫికెట్ తప్పని తెరుచుకోవు, మీరేమో ఇంటర్నెట్ వాడికి ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు.

ఇదంతా చేసినా ఒక తలనొప్పి మిగులుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకి వెళ్లి నమోదు చేసుకోండి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్‌తో పాటు ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి, మీది నాలుగో తరం. దొడ్డిదారిన ఎక్కించేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఇంట్లో సినిమాలు చూసే సిస్టం అయితే నేనూ వద్దనను. కానీ మీ దగ్గరికి ఊరందరి ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు వస్తాయి, రోజంతా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతుంటారు. అలాంటి చోట రేపు ఏ అప్‌డేట్ ఆగిపోతుందో తెలియని విండోస్ వద్దు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోమని ఎవరైనా సలహా ఇస్తారు, మంచిదే, కానీ పేజ్‌మేకర్ లైనక్స్‌కు రాలేదు, ఎల్‌బీపీ 2900ను లైనక్స్‌లో పనిచేయించడం అంటే ఒక ఆదివారం మొత్తం దానికే రాసిచ్చేయాలి.

నేనైతే ఇలా చేస్తాను. ఇప్పటికి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్‌తో సరిపెట్టుకుని, కొన్ని నెలల్లో ఆన్‌లైన్ పనులకు ఎనిమిదో తరం ఐ5 ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి రీఫర్బిష్డ్‌ది, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మేది తీసుకుంటాను. కంపెనీలు లాట్లుగా అమ్మేసే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో అడిగితే దొరుకుతాయి, విండోస్ 11 వాటిలో దర్జాగా ఎక్కుతుంది. పాతదాని ఇంటర్నెట్ వైరు పీకేసి పేజ్‌మేకర్‌కూ ఆ ప్రింటర్‌కూ వదిలేయండి, ఇంకొన్నాళ్లు నడుస్తుంది. పైగా ఇప్పుడు మొత్తం కొత్తగా అసెంబుల్ చేయించుకునే రోజులు కావు. మెమరీ చిప్‌లు తయారుచేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లడంతో 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, కొటేషన్ తీసుకుని నాలుగు రోజులు ఆలోచిస్తే రేటు మారిపోతోంది. ఎస్‌ఎస్‌డీలకూ ఆ సెగ తగిలింది కాబట్టి అది మాత్రం వాయిదా వేయకండి.

మీవాడి సంగతి. రెండు కోర్ల ఐ3లో గ్రాఫిక్స్ కార్డు పెడితే కార్డు ఖాళీగా కూర్చుంటుంది, ప్రాసెసర్ రొప్పుతుంటుంది. దానికి తోడు అసెంబుల్ చేసినప్పుడు డబ్బాతో పాటు ఊరికే ఇచ్చిన ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) మీద 450 వాట్లు అని రాసి ఉన్నా నేను నమ్మను, అదీ మార్చాలి, అలా తడిసి మోపెడవుతుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసి ఇంజినీరింగ్‌లో చేరాక ఎలాగూ ల్యాప్‌టాప్ అడుగుతాడు. రెండూ కొనలేనని ఇప్పుడే చెప్పేయండి.

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ చదువుతున్నాను. రైజెన్ 5 2600, బి450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. వీడియో ఎడిటింగ్‌లో బాగా లాగ్ అవుతోంది. మొత్తం అమ్మేసి ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 మీద కొత్తది కట్టుకోనా?

జవాబు: వద్దమ్మా. తెనాలి ఆయనకు లేని అదృష్టం నీకుంది, నీ బోర్డు ఇంకా దారి మూసుకోలేదు. బయాస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను ఆన్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే బి450 బోర్డులు రైజెన్ 5000 వరుసను తీసుకుంటాయి. నీ బోర్డు కంపెనీ సైట్‌లో సపోర్ట్ లిస్ట్ చూసి, 5600 కానీ, ఎడిటింగ్ ఎక్కువైతే ఎనిమిది కోర్ల 5700ఎక్స్ కానీ తెచ్చుకో. ఏఎం5కు వెళ్తే డీడీఆర్5 కొత్తగా కొనాలి, ఉన్న 16 జీబీ పక్కన పడేయాలి, ఈ రేట్లలో అది దండగ. బయాస్ మాత్రం పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేసుకో, కొత్తది పెట్టాక స్క్రీన్ రాకపోతే మళ్లీ పాతదే పెట్టుకోవాల్సి వస్తుంది. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డే పోవచ్చు, యూపీఎస్ లేకపోతే ఉన్న స్నేహితుడింటికి పట్టుకెళ్లు. ఇంకోటి, ప్రాసెసర్ మీదున్న ఫ్యాను కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగకు. ఎండిపోయిన పేస్ట్‌కు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు ఏదైనా బరువైన పని చేయించి, వేడెక్కాక ఆఫ్ చేసి ప్లగ్ తీసేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తియ్యి.