బుజ్జమ్మకు, మైకు పట్టుకోబోయే ముందు

బుజ్జమ్మా,

నువ్వు పాడ్‌కాస్ట్ మొదలుపెడతా ఉండావనీ, మన వైపు ఆడవాళ్ళ బతుకులు వాళ్ళ నోటితోనే చెప్పిస్తావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పి ఏడ్చింది. నాకైతే ఆ పూటంతా కాళ్ళు నేల మీద నిలవలా. రాత్రికి మాత్రం నిద్ర పట్టలా. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తా ఉండాను.

మైకు మంచిది కొనుక్కో. మాట్లాడేటప్పుడు ఫ్యాను ఆపించు. రికార్డు చేసింది రెండు చోట్ల దాచుకో. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు, వదిలేస్తా.

మన నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు నోరు విప్పితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. 1991లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు రాత్రిబడిలో చదువు చెప్పేదాన్ని. పగలంతా కూలికి పొయి, ఇంటికొచ్చి వండి వార్చి, చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని లాంతరు ముందు కూర్చునేవాళ్ళు. దిద్దే అక్షరాల కన్నా చెప్పుకునే మాటలే ఎక్కువ. ఎవరి మొగుడు కూలి డబ్బులు సారా పాకెట్లకు తగలేశాడు, ఎవరింట్లో పొయ్యి వెలగలా, ఇవే. మన జిల్లాలోనే దూబగుంట అనే ఊరి ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన సంగతి చదువుకునే పుస్తకంలో పాఠంగా వచ్చింది. ఆ పాఠం చదివి పక్క ఊరు లేచింది, ఆ పక్క ఊరూ లేచింది. 1992లో సారా వేలంపాటలకు అడ్డం పడ్డారు. 1993 ఏప్రిల్ 15న మన జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. దూబగుంటలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆమెతో నడిచినవాళ్ళు, ఊరూరా పాకెట్లు గుంజుకుని నేల మీద పారబోసినవాళ్ళు, బిడ్డల్ని చంకనేసుకుని అంగడి ముందు బైఠాయించినవాళ్ళు ఇప్పుడు అరవై, డెబ్భై దాటి ఉండారు. వాళ్ళలో చాలామంది గొంతు ఎక్కడా దాచిపెట్టి లేదు. నువ్వు చేయబోయేది ఆ పని. నా కడుపున పుట్టకపోయినా నా బిడ్డే చేస్తా ఉందని నలుగురికీ చెప్పుకుంటా ఉండాను.

ఇక నిద్ర పట్టని సంగతి చెప్తాను. ఇది నిదానంగా చదువు.

ఆ రోజుల్లో పట్నాల నుంచి విలేకరులు టేపురికార్డర్లు పట్టుకుని వచ్చేవాళ్ళు. మా రాత్రిబడికి వచ్చే ఒకామె ఉండేది. పేరు నీకు కూడా చెప్పను. ఒక విలేకరి ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని, ఆమె పోసిన మజ్జిగ తాగి, చాలాసేపు మాట్లాడించాడు. మంచిగానే అడిగాడు, మర్యాదగానే విన్నాడు. అంతవరకూ ఆమెను "నువ్వేమంటావమ్మా" అని అడిగిన మగమనిషి లేడు. ఇక గుండెలో ఉన్నదంతా పోసింది. మొగుడు తాగి పడిపోయిన ఒక రాత్రి సారా కాంట్రాక్టరు మనిషి ఇంట్లోకి జొరబడితే కొడవలి తీసుకుని వీధి చివరిదాకా తరిమానని చెప్పింది. ఎవరికీ చెప్పని మాట అది. మాకు కూడా చెప్పలా.

వారం తిరక్కుండా పేపర్లో వచ్చింది. ఆమె పేరు, ఊరు పేరు, ఫోటో. వీరనారి అని రాశారు. ఆ పేపరు ఆమె రాత్రిబడికి తెచ్చుకుని, లాంతరు దగ్గరగా జరుపుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటా చదివింది. చదువు నేర్చుకున్నాక మొదటి నుంచి చివరిదాకా ఆమె సొంతంగా చదివిన మొదటి కాగితం అదే. చదివి, నా మొహం చూసి, "ఇదంతా నేను చెప్పిందేనక్కా, ఒక్క ముక్క అబద్ధం లేదు" అనింది.

నిజంగానే అబద్ధం లేదు. కానీ ఊరు కొడవలిని చదవలా, మగవాడు రాత్రి ఇంట్లోకి వచ్చాడన్నదే చదివింది. బావలు వచ్చి మొగుణ్ణి ఎగదోశారు. కూతురికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. ఆమె రాత్రిబడికి రావడం మానేసింది, సభలకూ రాలా. ఆ విలేకరికి ఇవేవీ తెలియవు. అతను చేసిన తప్పల్లా ఒకటే. అరుగు దిగేముందు, "అమ్మా, ఇందులో ఏది రాయమంటావు, ఏది వద్దంటావు?" అని అడగలా.

ఆ పేపరు మూడు రోజులకు పొట్లాలు కట్టేదానికి పోయింది. నీ పాడ్‌కాస్ట్ అట్టా పోదు తల్లీ. ముప్పై సెకన్ల ముక్క ఎవడో కోసి, ఊరి వాట్సాప్ గ్రూపులో వేస్తే చాలు. పదేళ్ళ తర్వాత ఆమె మనవరాలి పెళ్ళిచూపుల నాడు కూడా బయటికి తీస్తారు.

కాబట్టి రికార్డు చేసిన రోజే పెట్టవాకు. రెండు రోజులాగి మళ్ళీ పో. ఆమె చేతికే ఫోనిచ్చి మొత్తం వినిపించు. నీ ఇంట్లో ఇది ఎవరు వింటారు, వింటే ఏమవుతుందని ఆమెనే చెప్పనీ. పేరు మారిస్తే సరిపోతుందనుకోవాకు. వింజమూరు దగ్గర పల్లె, మొగుడు లారీ డ్రైవరు, ముగ్గురు ఆడపిల్లలు అంటే ఇక దాచిందేముంది? మనవాళ్ళు గొంతు విని కూడా పట్టేస్తారు. అవసరమైతే ఆమె మాటలే ఇంకొకరి చేత చదివించు. ఏడాది తర్వాత తీసెయ్యమంటే ఎందుకని అడగకుండా తీసెయ్. ఈలోపు ఎవరన్నా దాచుకుని ఉంటే అది నీ చేతిలో లేదని కూడా ముందే చెప్పు.

అత్యాచారం జరిగినామె పేరు గానీ, ఆమె ఫలానా అని తెలిసే ఆనవాళ్ళు గానీ బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద శిక్ష ఉంది. చిన్నపిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్. ఎదుటి మగవాడి పేరు కూడా ఊరికే బయటపెట్టవాకు, పరువునష్టం కేసు ఆమె మీదా పడుతుంది, నీ మీదా పడుతుంది. మాట్లాడతా ఉండగా ఇప్పటికీ కొడతా ఉన్నాడని ఎవరన్నా చెబితే మైకు కట్టేసి ముందు ఆ సంగతి చూడు. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యాలా, లాయరు దగ్గరికి పోవాలా అనేది ఆమెతో కూర్చుని తేల్చు. ఎపిసోడ్ ఎక్కడికీ పోదు.

మొదటి ఎపిసోడ్‌లో నీ కథే చెప్తానన్నావంట. దీనికి మాత్రం నిన్ను కేకలేయాలి. కోర్టులో కేసు నడస్తా ఉందా లేదా? నీ లాయరును అడగకుండా ఒక్క మాట మాట్లాడినా రేపు దాన్నే నీ మీదికి తిప్పుతారు. పరువు కోసం నోరు మూసుకోమనే మనిషిని కాదు నేను, నీకు తెలుసు. నువ్వు కావలి బస్సు దిగి వచ్చిన రాత్రి మీ నాన్న గుమ్మంలో నిలబడి నలుగురేమంటారో అంటే, నలుగురికీ నేను చెప్తానన్నాను. ఆ రాత్రి నా పక్కలో పడుకుని నిద్రలో ఉలిక్కిపడతా నా కొంగు పట్టుకున్నావు. ఆ ఉలికిపాటు ఇంకా పోలేదని మీ అమ్మ చెప్పింది. అది పోనీ బంగారూ. కేసు తేలనీ. అప్పుడు చెప్పు, మొదటగా వినేది నేనే.

ముసలోళ్ళ దగ్గరికి పోయి ఎంత బాధపడ్డారని మాత్రం అడగవాకు. ఏం చేశారో అడుగు. అంగడి ముందు కూర్చున్న రోజు బిడ్డలకు అన్నం ఎవరు వండారు, రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మి గ్రూపులు ఎట్టా కట్టారు, మొదటి అప్పు ఎవరికిచ్చారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారే, ఆ మాట తీస్తే ఇప్పటికీ మండిపడతారు. ఆ కోపాన్ని కత్తిరించవాకు. మైకు కూడా ఎప్పుడూ నీ చేతిలోనే ఉంచుకోవాకు. మెదక్ జిల్లా మాచనూరులో 2008లో దళిత ఆడవాళ్ళు సంఘం రేడియో పెట్టి, మిషన్లు కూడా వాళ్ళే నడిపారు. మనోళ్ళకు మాత్రం ఎందుకు రాదు?

వచ్చే నెల రా. పొదుపు సంఘం మీటింగు రోజున వద్దు. నలుగురిలో అందరూ ఒకే కథ చెప్తారు, కోడలు ఎదురుగా ఉంటే అది కూడా చెప్పరు. మర్నాడు రా. మధ్యాహ్నం ఇళ్ళల్లో మగవాళ్ళు ఉండరు, ఒక్కొక్కరి దగ్గరికి నేనే తీసుకుపోతా. ముందు పోయి వాళ్ళకు ఇష్టమేనా కనుక్కుని ఉంచుతా. వద్దన్నవాళ్ళ గడప తొక్కేది లేదు, అది ఇప్పుడే ఒప్పుకుని బయల్దేరు.

నీ పెద్దమ్మ