రేలకాయా, రేలపండా?

సందేహం: మలబద్ధకానికి ‘రేలకాయ గుజ్జు’ మంచిదని ఒక మూలికల పుస్తకంలో చదివాను. దుకాణంలో అడిగితే ‘రేలపండు గుజ్జు అనాలండీ’ అని సరిచేశారు. కర్రముక్కలా నల్లగా, గట్టిగా ఉండేదాన్ని పండు అనవచ్చా?

సమాధానం: అనవచ్చు. అలాగని మీ మాట తప్పేమీ కాదు, సరిదిద్దాల్సిన అవసరం దుకాణదారుకు లేదు.

‘కాయ’ అంటే పచ్చిది అనే మనం ముందు అనుకుంటాం. మామిడికాయ పండితే మామిడిపండు. కానీ చెట్టు కాసినదేదైనా కాయే అనే అర్థమూ ఉంది. కుంకుడుకాయలు, కరక్కాయలు, తానికాయలు పండి, ఎండాకే మన చేతికొస్తాయి. అయినా కుంకుడుపండ్లతో తలంటుకున్నామని ఎవరం అనం. ‘పండు మిరపకాయ’లో పండూ కాయా పక్కపక్కనే కూర్చున్నా తగువు లేదు. కాయ దాని పేరు, పండు దాని స్థితి.

దుకాణదారు పండు అనడానికి కారణం చింతపండులో దొరుకుతుంది. రేల, చింత రెండూ చిక్కుడు కుటుంబానివే. పండిన చింతకాయ పెంకు ఒలిచి, ఈనెలూ గింజలూ తీస్తే మిగిలిన గుజ్జే మనకు చింతపండు. రేలకాయ మూరెడు దాకా పెరిగే గొట్టం. లోపల అడ్డుగోడలతో అరలు, అరకో గింజ, చుట్టూ నల్లని జిగట గుజ్జు. మందు ఆ గుజ్జే. సంస్కృతంలో రేలకు ఆరగ్వధం, చతురంగులం అని పేర్లు. మృదువుగా విరేచనం చేయించే మందుల్లో ఇదే మేలైనదంటుంది ఆయుర్వేద గ్రంథం చరక సంహిత. అందులోని కల్పస్థానం అనే భాగంలో సేకరించే పద్ధతి కూడా ఉంది: ‘పరిణత’మైన కాయలు కోసి, ఏడు రాత్రులు ఇసుకలో పాతిపెట్టి, ఎండబెట్టి, అప్పుడు గుజ్జు తీయాలి. పరిణతం అంటే పండినదే కదా! కాబట్టి ‘పండిన రేలకాయ గుజ్జు’ అని రాస్తే పచ్చికాయలు కోసుకొచ్చే ప్రమాదం తప్పుతుంది.

మూలికల పుస్తకాల్లో నన్ను ఎక్కువ కంగారుపెట్టేది కాయకూ గింజకూ తేడా పాటించకపోవడం. దూలగొండి అనే తీగలో మందుకు ప్రధానంగా వాడేది గింజలు. కాయ మీద నూగు ఒంటికి తగిలితే భరించలేని దురద. ‘దూలగొండి కాయలు తెచ్చి నూరవలెను’ అని రాసిన మహానుభావుడు వాటిని ఎప్పుడూ ముట్టుకుని ఉండడు.