పాత ఇటుక గోడలో కొత్తగా ఓపెనింగ్ తీయాలంటే ఏం చూసుకోవాలి?

పిల్లర్లు లేని పాత ఇంట్లో హాలుకీ వంటగదికీ మధ్య 5 అడుగుల ఓపెనింగ్ తీయొచ్చా అని మీ ప్రశ్న. తీయొచ్చు. కాకపోతే అక్కడ బరువు మోసేది గోడే కాబట్టి ముందు లింటెల్ (ఓపెనింగ్ పైన బరువు మోసే అడ్డ బీమ్), తర్వాతే కోత.

మొదట పైన ఏముందో చూడండి. పైన తగినంత గోడ ఉంటే ఇటుకలు ఆర్చిలా పనిచేసి చాలా బరువును పక్కలకి పంపేస్తాయి. లింటెల్ మీద పడేది దానికి సరిగ్గా పైన త్రికోణం ఆకారంలో ఉండే గోడ బరువు మేరకే. పాత మిద్దె ఇళ్లలో మాత్రం టేకు దూలం సరిగ్గా ఆ త్రికోణంలోనే ఆని ఉండొచ్చు. అప్పుడు లెక్కంతా మారిపోతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూడాల్సిందే, మేస్త్రి "ఏం కాదు సార్" అంటే సరిపోదు.

13.5 అంగుళాల గోడైతే నేను మొగ్గేది ఈ పద్ధతికి: ఒక వైపు నుంచి సగం మందం వరకే గాడి కొట్టి ఇనుప బీమ్ పెట్టాలి. పైన సందులో తక్కువ నీళ్లతో కలిపిన సిమెంటు మాలు గట్టిగా కూరాలి. అది బాగా గట్టిపడ్డాకే రెండో వైపు. రెండు బీములూ కూర్చున్నాక కింద ఇటుకలు తీయాలి. 9 అంగుళాల గోడకి ఇది కుదరడం కష్టం. లింటెల్ కూర్చునేదాకా పై గోడని ఆపడానికి, పైన గోడకి అడ్డంగా రంధ్రాలు చేసి, తాత్కాలికంగా బీములు దూర్చి, వాటి కింద రెండు వైపులా జాకీలు (ఇనుప ఊతాలు) నిలపాలి. జాకీల కింద నేల కూడా గట్టిగా ఉండాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు.

బీమ్ చివరలు కనీసం 6–8 అంగుళాలు కాంక్రీటు దిమ్మెల మీద ఆనాలి. గోడ మూలకి దగ్గరగా తీయకండి. సున్నంతో కట్టిన గోడల్లో బ్రేకర్ వాడితే పక్క ఇటుకలూ కదులుతాయి. కట్టర్‌తో గీసి, ఉలితో తీయించండి.